ముందు టికెట్టు దాచండి, ప్లీడరు తర్వాత

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ బావగారు కువైట్ నుంచి సెలవు మీద వస్తూ విమాన ప్రమాదంలో పోయారు. పెద్దకర్మ అయిన మూడో రోజే, విదేశీ లాయర్ల కంపెనీ తరఫు మనిషినంటూ ఒకాయన కారేసుకుని రాజోలు దగ్గర మీ అక్కగారింటికి వచ్చాడు. ఇంగ్లీషు కాగితాల కట్ట మీద సంతకం పెట్టమంటున్నాడు. ఎయిర్‌లైన్ వాళ్ళేమో అడ్వాన్సు ఇస్తాం, ఫారాలు నింపండి అంటున్నారు. మీ బావగారి నాన్నగారు కోడలితో పని లేకుండా కాకినాడలో సొంతంగా లాయరును పెట్టుకుంటానంటున్నారు. ఎవరిని పెట్టుకుంటే ఎక్కువ వస్తుందన్నది మీ ప్రశ్న.

నేను అమలాపురం కోర్టులో ఇరవై ఏడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా రోడ్డు ప్రమాదాల కేసులు, గల్ఫ్‌లో పోయినవాళ్ళ బాపతు క్లెయిములు. విమాన ప్రమాదం కేసులు నా చేతి మీదుగా నడిచినవి రెండే రెండు. వాటిలో కూడా కోర్టులో నిలబడి వాదించింది నేను కాదు, పట్నంలో పెద్ద లాయరుగారు. ఇక్కడి కుటుంబం చేత కాగితాలు తీయించి, వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పి పంపింది నేను. అందుకే మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు తోచిన వరుసలో చెబుతాను.

ఆ కారులో వచ్చినాయన కాగితం మీద మీ అక్కగారు సంతకం పెట్టకూడదు, వేలిముద్ర కూడా వేయకూడదు. ఈ వారం కాదు, ఈ నెల కాదు. తొందర పడాల్సినంత గడువు సమస్య మీకు లేదు. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, విమానం దిగాల్సిన రోజు నుంచి రెండేళ్ళ లోపు దావా వేయాలి. అయితే ఈ రెండేళ్ళు మన మామూలు గడువుల్లాంటిది కాదు. ఆలస్యానికి కారణం చెప్పి జడ్జిగారిని మన్నించమని అడగడానికి ఉండదు. గడువు దాటితే హక్కే పోతుంది. దర్యాప్తు నివేదిక రాలేదు కదా అని చూస్తూ కూర్చుంటే ఎవరూ ఆగరు. ఆ తేదీ క్యాలెండరు మీద రాసుకోండి, దానికి ఆరు నెలల ముందు ఇంకో గుర్తు పెట్టుకోండి. ఈ లోపల తొందర పెట్టేవాడెవడైనా తన అవసరం కొద్దీ తొందర పెడుతున్నాడు.

ఇప్పుడు టికెట్టు. కేసు ఏ దేశంలో వేయొచ్చో తేల్చేది లాయరు గొప్పతనం కాదండి, ఆ టికెట్టు. ఎయిర్‌లైన్ సంస్థ నమోదైన దేశం, దాని ప్రధాన వ్యాపార స్థలం ఉన్న దేశం, టికెట్టు కొన్న చోట దాని కార్యాలయం ఉన్న దేశం, ప్రయాణం ముగియాల్సిన దేశం, చనిపోయిన మనిషి శాశ్వత నివాసం ఉన్న దేశం (ఆ ఎయిర్‌లైన్ అక్కడికి విమానాలు నడిపితే). ఈ ఐదింటిలో ఏదో ఒక చోటే వేయాలి. ఇక్కడో మెలిక ఉంది. రానూపోనూ టికెట్టయితే బయలుదేరిన ఊరే గమ్యం కింద లెక్క. మీ బావగారు ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు రానూపోనూ కొనుక్కున్న టికెట్టయితే గమ్యం ఇండియా. కంపెనీ వాళ్ళు కువైట్‌లో తీసిచ్చిన సెలవు టికెట్టు, అంటే కువైట్ నుంచి వచ్చి మళ్ళీ కువైట్ వెళ్ళేది అయితే, కాగితం మీద గమ్యం కువైట్. ఇంటికొస్తూ పోయిన మనిషికి గమ్యం కువైట్ అంటే మీ అక్కగారికి ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు, కానీ చట్టం అలాగే చదువుతుంది. అప్పుడు మనకి ఆధారం శాశ్వత నివాసం. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఇంటి పన్ను రసీదు ఇక్కడ పనికొస్తాయి. కువైట్‌లో ఉన్నది కంపెనీ గది, ఇల్లు రాజోలులో అని చూపించాలి.

హైదరాబాద్‌లో దిగి రాజమండ్రికి ఇంకో విమానం ఎక్కే టికెట్టయితే, మొత్తం ఒకే బుకింగులో ఉందా, విడివిడిగా కొన్నదా అనేది కూడా చూడండి. ఒకే ప్రయాణం కింద తీసుకున్నదైతే మధ్యలో దేశం లోపలి ముక్క కూడా అంతర్జాతీయ ప్రయాణమే. టికెట్టు బావగారి ఫోనులో ఉంటే ఆ ఫోను ప్రమాదంలో పోయి ఉంటుంది. తీసిచ్చిన ట్రావెల్ ఏజెంటు దగ్గర కాపీ ఉంటుంది, మీ అక్కగారి వాట్సాప్‌లో కూడా ఉండొచ్చు. వాళ్ళు పాత మెసేజీలు తుడిచేయకముందే వెతకండి.

ఇక డబ్బు సంగతి. మీ ఊళ్ళో ఎవరో "విమానంలో పోతే కోటీ ఎనభై లక్షలు గ్యారంటీ" అన్నారని రాశారు. సగం నిజం. ఒప్పందంలో హద్దు లెక్క ఎస్‌డీఆర్ అనే కొలతలో ఉంటుంది. అది అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క. 2024 డిసెంబర్ 28 నుంచి ఆ హద్దు 1,51,880 ఎస్‌డీఆర్. మారకపు రేటును బట్టి మన డబ్బులో సుమారు కోటీ ఎనభై లక్షలు. ఆ హద్దు లోపు నష్టానికి ఎయిర్‌లైన్ "మా తప్పు లేదు" అని తప్పించుకోవడానికి వీల్లేదు. పైలట్ తప్పా, ఇంజను తప్పా, పక్షి తగిలిందా అనేది ఎవరూ తేల్చక్కర్లేదు. కానీ నష్టం ఎంతో మనం చూపించాలి. యాభై లక్షలే చూపించగలిగితే యాభై లక్షలే. 2010లో మంగళూరులో జరిగిన విమాన ప్రమాదం తర్వాత కేరళ హైకోర్టులో ఒక జడ్జిగారు 2011లో అందరికీ కనీసం 75 లక్షలు ఇవ్వాలన్నారు, అదే ఏడాది డివిజన్ బెంచి దాన్ని కొట్టేసింది. హద్దు దాటిన నష్టానికైతే ఎయిర్‌లైన్ తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకుంటే బయటపడొచ్చు. నిరూపించాల్సిన భారం వాళ్ళ మీదే ఉంటుంది, మన మీద కాదు.

మీ బావగారి లెక్క నోటితో వేసి చూద్దాం. వయసు 34, జీతం మన డబ్బులో నెలకి అరవై వేలు అన్నారు. ఏడాదికి 7,20,000. మన సుప్రీంకోర్టు రోడ్డు ప్రమాదాల్లో 2009లో, 2017లో చెప్పిన పద్ధతే ఇక్కడా దారి చూపిస్తుంది. నలభై లోపు వయసు, పర్మినెంటు కాని ఉద్యోగం కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 10,08,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, నలుగురు ఆధారపడ్డవాళ్ళు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 7,56,000. 31 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసుకి గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని ఎన్నిసార్లు హెచ్చవేయాలో చెప్పే అంకె, 16. అంటే 1,20,96,000. చిల్లర పద్దులు పక్కన పెట్టినా సుమారు కోటీ ఇరవై ఒక్క లక్షలు.

చూశారా, ఇది ఆ హద్దు లోపలే ఉంది. అంటే మీ కేసులో ఎయిర్‌లైన్ తప్పును నిరూపించే పెద్ద యుద్ధమే లేదు. కాగితాలు సరిగ్గా పెడితే వచ్చే డబ్బు ఇది. దీనిలో మూడో వంతు లాయరుకి వాటాగా ఇస్తానని సంతకం పెడితే నలభై లక్షలు ఊరికే పోయినట్టు. ఆ కారాయన చెప్పని లెక్క ఇదే.

విదేశీ లాయర్లందరూ దొంగలని నా ఉద్దేశం కాదు. విమానం తయారీలోనే లోపముందని తేలితే తయారీ కంపెనీ మీద విడిగా దావా వేయొచ్చు. దానికి ఈ హద్దులు వర్తించవు. అలాంటి కేసులు అమెరికాలో నడిపేవాళ్ళు నిజంగా పనిమంతులు, అక్కడ వాటా పద్ధతి చట్టబద్ధమే. కానీ అమెరికా కోర్టులు బయటి దేశాల ప్రమాదాల కేసుల్ని తేలిగ్గా ఉంచుకోవు. "ప్రమాదం అక్కడ, సాక్షులు అక్కడ, అక్కడికే పొండి" అని పంపేస్తుంటాయి. స్కాట్లండ్‌లో కూలిన ఒక చిన్న విమానం కేసులో 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఖాయం చేసిన పద్ధతి అది. కాబట్టి ఆ దారి తొక్కాలంటే దర్యాప్తులో లోపం తాలూకు వాసనైనా రావాలి. దర్యాప్తు వాళ్ళ పని కూడా ఎవరిది తప్పో తేల్చడం కాదు, మళ్ళీ జరగకుండా చూడటం. మొదటి నివేదిక నెల రోజుల్లో వస్తుంది, తుది నివేదికకి ఏడాది అంటారు, తరచూ అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ దారి కావాలనుకుంటే ఎయిర్‌లైన్ క్లెయిమును దానితో కలపకుండా, తయారీ కంపెనీ వరకే వాటా అని రాయించుకోవాలి. ఒప్పుకోని లాయరైతే వదిలేయండి.

మన దేశపు అడ్వకేట్లకి మాత్రం వచ్చే పరిహారంలో ఇంత శాతం అని ఒప్పందం చేసుకోవడం నిషేధం. బార్ కౌన్సిల్ నియమం అది. ఇంటింటికీ తిరిగి కేసులు అడగడమూ నిషేధమే. అమెరికాలోనైతే అక్కడి విమాన ప్రమాదాల విషయంలో 45 రోజుల దాకా లాయర్లు కుటుంబాల గడప తొక్కకూడదని చట్టమే ఉంది. మనకి అలాంటిది లేదు కాబట్టి కారు తిన్నగా వాకిట్లోకి వచ్చేసింది. నా రెండో కేసులో ఒకావిడ ఇలాగే పదకొండో రోజున తొమ్మిది పేజీల కాగితం మీద సంతకం పెట్టేశారు. అందులో జనరల్ పవర్, అంటే ఆవిడ తరఫున అన్నీ వాళ్ళే చేసే అధికారం, కూడా ఉందని ఏడాది తర్వాత తెలిసింది. రద్దు చేయించడానికి నోటీసులు, రిజిస్టర్డు పోస్టులు, మళ్ళీ ఇంకో లాయరు. ఆ టెన్షన్‌లో ఆవిడ బీపీ మనిషైపోయారు.

ఎయిర్‌లైన్ అడ్వాన్సు తీసుకోవచ్చా? తీసుకోండి. అడ్వాన్సు తీసుకుంటే హక్కు పోదు, తర్వాత వచ్చేదానిలో తగ్గిస్తారంతే. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ వెళ్ళే ఎయిరిండియా విమానం కూలి 260 మంది పోయినప్పుడు టాటా గ్రూపు కోటి రూపాయలు ప్రకటించింది, ఎయిరిండియా మధ్యంతరంగా 25 లక్షలు ఇస్తామంది. ఆ కోటి వాళ్ళంతట వాళ్ళు ఇచ్చేది. ఆ 25 లక్షలు తుది పరిహారంలో సర్దుకునేది. చట్టప్రకారం రావలసిన పరిహారం మూడోది. మీకు వచ్చే ప్రతి చెక్కు ఈ మూడింటిలో ఏదో రాతపూర్వకంగా అడగండి. ఫారంలో "ఇంతటితో చెల్లు", "ఇకపై ఎవరి మీదా దావా వేయము" లాంటి మాట ఉందేమో చూడాలి. 2018లో ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం కూలినప్పుడు తయారీ కంపెనీ మీద కూడా దావా వేయబోమని రాసిస్తేనే డబ్బు ఇస్తామన్నారని చాలా కుటుంబాలు గోలపెట్టాయి. డబ్బు ముట్టినట్టు రసీదు ఇవ్వడం వేరు, చెల్లు రాసివ్వడం వేరు. ఇంగ్లీషు రాకపోతే ఆ పేజీ ఫోటో తీసి తెలిసినవాళ్ళకి పంపి అప్పుడు సంతకం పెట్టండి.

మామగారి సంగతి. ఇది సున్నితమైనది, కానీ కేసులన్నీ ఎక్కువగా చెడేది ఇక్కడే. ఇండియాలో ఒక ప్రయాణికుడి మరణానికి ఒకే దావా. 1972 నాటి విమాన రవాణా చట్టం ఐదో సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతుంది. ఆ ఒక్క దావా కుటుంబం అందరి కోసం. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, తాతలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు, నష్టపోయినట్టు చూపించగలిగితే. వాటాలు కోర్టు వేస్తుంది. కాబట్టి మామగారు కాకినాడలో విడిగా ఇంకో దావా వేయలేరు, మీ అక్కగారు ఆయన్ని పక్కన పెట్టనూ లేరు. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు ఆస్తికి తల్లి మొదటి వరుసలో ఉంటుంది, తండ్రి ఉండడు. ఈ మాట ఎవరో చెప్పి ఆయన్ని భయపెట్టి ఉంటారు. ఇది ఆస్తి పంపకం కాదు, ఆధారం పోయినందుకు పరిహారం అని ఆయనకి చెప్పండి. మీరు చెబితే వినకపోతే ఆ ఊరి పెద్దమనుషుల చేత చెప్పించండి. ఒకే వకాల్తా మీద అందరూ సంతకం చేసిన రోజు మీ కేసు సగం నడిచినట్టే. ఇద్దరు లాయర్లు కోర్టులో ఒకరి మీద ఒకరు లేచి నిలబడితే ఎయిర్‌లైన్ తరఫు లాయరు కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతాడు. పిల్లల వాటా కోర్టు బ్యాంకులో ఫిక్సుడు వేయిస్తుంది, అది పెద్దాయనకి కాస్త ధైర్యం ఇచ్చే సంగతి.

కాగితాల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు వచ్చేది వీటి వల్లే. ప్రమాదం ఏ ఊళ్ళో జరిగిందో మరణం నమోదయ్యేది అక్కడే. మీ గ్రామ సచివాలయం ఆ సర్టిఫికెట్ ఇవ్వదు, ఊరికే తిరగకండి. అక్కడి మున్సిపాలిటీ నుంచి కనీసం పది ఒరిజినళ్ళు తెప్పించుకోండి, డీఎన్ఏ గుర్తింపు కాగితంతో సహా. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీసేవలో ఇప్పుడే పెట్టండి. పాస్‌పోర్టులో ఇంటి పేరు, ఆధార్‌లో ఇంటి పేరు ఒకేలా ఉన్నాయా చూడండి. మన వైపు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది, దానికి ఒక అఫిడవిట్ పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం జీతం రుజువు. నా మొదటి కేసులో ముమ్మిడివరం వైపు కుర్రాడు, దుబాయ్‌లో క్రేన్ ఆపరేటరు. ఒప్పంద పత్రంలో బేసిక్ 1,200 దిర్హాములే. ఓవర్‌టైము, తిండి అలవెన్సు, గది అలవెన్సు కలిపి దానికి రెండింతలు సంపాదించేవాడు. అవతలి వాళ్ళు బేసిక్ మీదే లెక్క కట్టారు. ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే వాళ్ళమ్మగారు లోపలికెళ్ళి, గోడకి వేలాడదీసిన ఇనుప ఊచను అలాగే పట్టుకొచ్చి నా ముందు పెట్టారు. కొడుకు పంపిన డబ్బు తాలూకు రసీదులు ఎనిమిదేళ్ళవి, కిరాణా చిట్టీలు గుచ్చినట్టు గుచ్చి ఉన్నాయి. పైనున్న పాతిక కాగితాలు చదివాను. కిందికి వెళ్ళేకొద్దీ ఏమీ లేదు, తెల్ల కాగితం. వేడికి అచ్చయ్యే ఆ మిషను కాగితం మన ఉక్కకి, తేమకి రెండేళ్ళలో చెరిగిపోతుంది. ఆవిడకి చదువు రాదు, అందులో అక్షరాలు పోయాయని ఆవిడకి తెలియదు. ఒక్కొక్కటీ సరిచేసి మళ్ళీ ఊచకి గుచ్చారు. ఆ ఎక్స్ఛేంజి కంపెనీ నుంచి పాత లెక్కలన్నీ మళ్ళీ తెప్పించడానికి నాలుగు నెలలు పట్టింది.

అలవెన్సుల గురించి భయపడకండి. మంగళూరు ప్రమాదం 2010 మే 22న జరిగింది, 158 మంది పోయారు. అందులో గల్ఫ్‌లో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన కుటుంబం జాతీయ వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళింది. అక్కడ 7.35 కోట్లు వచ్చింది, సుప్రీంకోర్టు 2020లో దాన్ని 7.64 కోట్లు చేసింది. జీతాన్ని ఎన్ని పద్దులుగా విడగొట్టినా అది యజమాని సౌకర్యం కోసమేనని, ఆ పేరుతో అలవెన్సులు తీసేయకూడదని ఆ తీర్పులో ఉంది. పదేళ్ళు పట్టిన మాట కూడా నిజమే, దాచను.

ఎక్కడ వేయాలి అంటే, నేనైతే ముందు జిల్లా వినియోగదారుల కమిషన్ వైపు చూస్తాను. 2019 చట్టం వచ్చాక కమిషన్ స్థాయి మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన డబ్బును బట్టి, అంటే టికెట్టు ఖరీదును బట్టి. దీన్ని సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. టికెట్టు ముప్ఫై వేలయితే కోటి అడిగినా జిల్లా కమిషనే, ఫీజు కూడా లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటే వేయొచ్చు కాబట్టి కాకినాడో, రాజమండ్రో, ఢిల్లీ తిరగక్కర్లేదు. సివిల్ కోర్టయితే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు. ఇంత పెద్ద కేసు ఇక్కడ తేలదని ఎయిర్‌లైన్ లాయరు తప్పకుండా వాదిస్తాడు. దానికి జవాబు చెప్పగల లాయరును పెట్టుకోండి. మోటారు ప్రమాదాల కేసులు బాగా చేసిన మనిషి అయితే చాలు, విమానం పేరు చూసి హడలిపోనక్కర్లేదు. ఫీజు విడతలుగా, రాతపూర్వకంగా మాట్లాడుకోండి. అదీ కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, 15100కి ఫోన్ చేయండి. మహిళ కాబట్టి మీ అక్కగారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు వస్తారు. పెద్ద విపత్తు బాధితులకూ ఆ చట్టంలో చోటుంది.

ఇంకో చిన్న సంగతి, చాలామంది మరిచిపోతారు. మీ బావగారిది ఎమిగ్రేషన్ క్లియరెన్సు (ఈసీఆర్) కావలసిన పాస్‌పోర్టయితే వెళ్ళేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా చేయించే ఉంటారు. ప్రమాదంలో మరణిస్తే దాని కింద పది లక్షలు. ఎయిర్‌లైన్ డబ్బుతో దీనికి సంబంధం లేదు. కువైట్ కంపెనీ నుంచి రావలసిన సర్వీసు డబ్బు కూడా విడిగా అడగాలి.

వచ్చే ఆదివారం మీ అక్కగారిని, మామగారిని ఒకే మంచం మీద కూర్చోబెట్టి ఆ ట్రంకు పెట్టె దించండి. డబ్బు పంపిన రసీదులు ముందు తీయండి, ఎండలో పెట్టకండి, అదే రోజు జిరాక్సు తీయించండి. షాపు మూసేస్తే ఫోనుతో ఫోటోలైనా తీయండి.